మాపటికి అంటే ఎప్పుడు

ఫిబ్రవరి 3

కాలికి కట్టు వేసి పన్నెండో రోజు. పక్కింటివాళ్లు మేడ మీద మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగితే ఇల్లంతా తుమ్ములే. బాపు అమ్మవి, నావి విడివిడిగా లెక్కపెడుతున్నాడు. నేను ముందున్నానట.

మళ్లీ అదే ఫైలు తెరిచా. తొమ్మిది. నిన్న తొమ్మిది, ఇవాళ తొమ్మిది. ముద్దొస్తోంది ఆ అంకె.

ఫిబ్రవరి 4

కట్టు లోపల దురద. అమ్మ చీపురు పుల్ల ఇచ్చింది. ఇంతకంటే గొప్ప పరికరం మా క్యాన్సర్ సెంటర్‌లో కూడా లేదు.

ఫిబ్రవరి 6

మా ఊరు తొర్రూరులో నేనేం పని చేస్తానో ఎవరికీ తెలియదు. డాక్టర్ అనుకుంటారు, కాదంటే కాంపౌండర్ అనుకుంటారు. ఇవాళ బాపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏందది బిడ్డా? తొమ్మిదీ తొమ్మిదీ అని నవ్వుకుంటున్నవ్?"

చెప్పా. క్యాన్సర్ గడ్డకు ప్రోటాన్లతో చికిత్స చేస్తారు. మామూలుగా నిమిషం పాటు పోసే డోసును రెప్పపాటులో పోసేస్తే గడ్డ ఎలాగూ చస్తుంది, చుట్టూ ఉన్న మంచి చర్మం మాత్రం తక్కువ కమిలిపోతుంది— అని ఆశ. ఇంకా మనుషుల దాకా రాలేదు. ముందు ఎలుకలు. ఆ రెప్పపాటులో నిజంగా ఎంత డోసు పడిందో కొలిచి చెప్పడం నా పని.

"గంతేనా? మీటర్ పెడితే అయిపాయె."

అక్కడే ఉంది కదా తంటా. మా మీటర్ ఓ చిన్న గాలి డబ్బా, ఛాంబర్ అంటాం. ప్రోటాన్లు అందులోంచి దూసుకుపోతే గాలి ప్లస్సులుగా, మైనస్సులుగా విడిపోతుంది. కరెంటు పెట్టి వాటిని చెరో వైపు లాగి లెక్కపెడతాం. నిదానంగా వస్తే అన్నీ దొరుకుతాయి. ఒక్క పెట్టున కోట్లకు కోట్లు పుడితే, మేం లాగేలోపు ప్లస్సూ మైనస్సూ మళ్లీ అతుక్కుపోతాయి. అవి లెక్కలోకి రావు.

బాపు తొడ చరిచాడు. "మేడారం స్పెషల్!"

ముప్పై ఏళ్లు కండక్టర్ చేసిన మనిషి. జాతర డ్యూటీ అంటే చాలు, ముఖం వెలిగిపోతుంది. "రెండు దర్వాజల్లకెంచి ఎక్కుదురు, కిటికీలకెంచి పిల్లగాండ్లను అందిద్దురు. నేను టికెట్ కొడుతా అటు పొయ్యేసరికి ఇటు దిగిపోదురు. బస్సుల ఉన్నది నూట ఇరవై, నా కాయితంల ఎనభై. మరి నిజం లెక్క ఎట్ల తెలుస్తది?"

ఫిల్మ్ వల్ల, అన్నా. ఛాంబర్ పక్కనే ఓ పల్చని ఫిల్మ్ ముక్క పెడతాం. డోసు పడితే అది నల్లబడుతుంది. ఎంత నలుపో స్కానర్‌లో పెట్టి చూస్తే డోసు తెలిసిపోతుంది. అది మనుషులను ఒక్కొక్కళ్లుగా లెక్కపెట్టదు బాపూ, బస్సు ఎంత కిందికి కుంగిందో చూస్తుంది.

"కమాన్లు చూసినట్టు, బస్సు కింది ఇనుప పట్టీలు."

"కమాన్లు చూసినట్టే."

"కమాన్లు అబద్ధం చెప్పయ్," అన్నాడు తృప్తిగా. అదీ నా తొమ్మిది. ఛాంబర్ చెప్పిన దానికంటే ఫిల్మ్ నూటికి తొమ్మిది ఎక్కువ చెప్పింది. అంటే మా డబ్బా నూటికి దాదాపు తొమ్మిది మందిని వదిలేస్తోంది. రెండేళ్ల పని ఒక్క ముక్కలో చెప్పేశాడు బాపు. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 7

సెంటర్ నుంచి మా సార్ ఫోన్. కాన్ఫరెన్స్‌కు పంపిన సారాంశం తీసుకున్నారట. మొదటి పేరు నాది! ఎలుకల ప్రయోగం మార్చి 9న మొదలు. "ఆ టీమ్‌కు నీ తొమ్మిది ఇచ్చేశాను. ఛాంబర్ రీడింగును దాంతో సరిచేసుకుంటారు. కాలు జాగ్రత్త." సార్ మెచ్చుకోవడం అంటే ఇంతే. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుతూనే ఉన్నా. అమ్మ సర్వపిండి చేసింది. నాలుగు తిన్నా.

ఫిబ్రవరి 8

బాపుకు నిద్రలో కూడా నా ఫిల్మే కాబోలు. చాయ్ కంటే ముందు ప్రశ్న. "కమాన్లు జనం దిగినంక పైకి లేస్తయ్. మరి నీ ఫిలిం?"

లేవదు. పైగా ప్రోటాన్ల బీమ్ ఆగాక కూడా కొంచెం కొంచెం నల్లబడుతూనే ఉంటుంది. మొదటి గంటల్లో గబగబా, తర్వాత నిమ్మళంగా. అందుకే అన్ని ముక్కలనూ ఒకే వయసులో చదవాలి. చాలామంది ఒక రోజంతా ఆగి చదువుతారు. మా స్కానర్ అందరిదీ, మాకు దొరికేది సాయంత్రాలే. కాబట్టి నా నియమం ఎనిమిది గంటలు. పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య బీమ్, సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య స్కాను. ఏ నలుపుకు ఎంత డోసో చెప్పే నమూనా ముక్కలనూ అలాగే చదివా, అసలు ముక్కలనూ అలాగే.

"అసలువి నువ్వే చదివినవా?"

లేదు. జనవరి 22, ఆ రోజే కదా ఆఖరి షాట్ అయ్యాక పార్కింగ్‌లో స్కూటీ జారింది. చీలమండ విరిగింది. స్ట్రెచర్ మీద నుంచే చైతన్యకు ఫోన్ చేసి చెప్పా. చైతన్య నా జూనియర్, కాకినాడ వాడు, బంగారం లాంటి వాడు. స్కాన్ చేసి పంపాడు.

"టైం చూసినవా?"

"చూసిన బాపూ. ఐదు నలభై. నిమిషంతో సహా."

తలూపాడు. చెకింగ్ ఆఫీసర్ అయి ఉండాల్సింది ఈయన.

ఫిబ్రవరి 10

జనగామ, ఎముకల డాక్టర్. ఎముక అతుక్కుంటోందట. ఇంకో మూడు వారాలు. ఎక్స్‌రే తీసే అన్న నా ఉద్యోగం అడిగి, చెప్పాక తలుపు దగ్గరికి వేశాడు. "మేడం, మా రూముల రేడియేషన్ ఎంత ఉంటదో జర చూసిపోరాదున్రి." ఉత్త చేతులతో ఎట్లా చూసేది అన్నా. నమ్మినట్టు లేదు. వచ్చేటప్పుడు బస్సులో సీటు ఇవ్వడానికి నలుగురు లేచారు. కట్టు వేసుకుంటే ఇంత మర్యాదని తెలిస్తే ముందే పడేదాన్ని.

ఫిబ్రవరి 12

రేపు చైతన్య వస్తాడట! ఢిల్లీలో ట్రైనింగ్ అయిపోయి తిరిగి వస్తూ మానుకోట స్టేషన్లో దిగి, బస్సెక్కి వచ్చి, నన్ను చూసి, సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. అమ్మ కోడి సంగతి చూస్తోంది.

ఫిబ్రవరి 13

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

బాగానే మొదలైంది. చైతన్య వచ్చాడు, స్వీటు డబ్బా, ఎండకు ఎర్రబడ్డ ముఖం. "ఏంటక్కా ఈ మిరపకాయలు, ఊరంతా ఎర్రగా ఉందండీ బాబూ!" అమ్మ కూర వేస్తూనే ఉంది, వాడు చాలండీ చాలండీ అంటూనే తింటున్నాడు. పచ్చిపులుసు గ్లాసులో పోయించుకుని తాగాడు. అమ్మకు వాడు తెగ నచ్చేశాడు.

చేయి కడుక్కుని బ్యాగు అందుకుంటే బాపు ఆపాడు. "గింత ఎండల ఏడికి? జరసేపు నడుం వాల్చు. మాపటికి పోదువు తియ్యి."

చైతన్య కంగారుపడ్డాడు. "అయ్యో, రేపటిదాకా ఉండలేనండి బాబాయ్‌గారూ. ఏడింటికి ట్రైను ఉంది."

"రేపెవడన్నడయ్యా? మాపటికి అంటున్న."

"అదేనండి... రేపో మాపో అంటారు కదా. మాపంటే రేపు సాయంత్రమే కదండీ?"

అందరం పడీపడీ నవ్వాం. అమ్మకు పొలమారింది. "మాపటికి అంటే ఇయ్యాల్నే బిడ్డా, పొద్దుమూకే యాళ్ల," అని బాపు వివరిస్తున్నాడు. నేనూ నవ్వుతూనే ఉన్నా. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

స్ట్రెచర్ మీద నేనేం చెప్పాను? "మాపటికి స్కాన్ చెయ్యి తమ్మీ. ఎప్పటి లెక్కనే, ఐదున్నరకు."

వాడి ముఖం చూశా. వాడూ నా ముఖం చూశాడు. వాడికి ఇంకా అర్థం కాలేదు. "చైతన్యా, ఆ ఫిల్ములు ఎప్పుడు చదివినవ్?" అంటే, "మీరు చెప్పినట్టే అక్కా. మర్నాడు సాయంత్రం, అందరూ ఒక రోజు ఆగుతారు కదా," అన్నాడు, అమాయకంగా.

నేను పడ్డ రోజు సాయంత్రం ఐదు నలభైకి వాడు ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఉన్నాడట. నేను మత్తులో ఉన్నా.

ఫిబ్రవరి 13, ఇంకొంచెం

ఫైలు వివరాలు తెరిచి చూశా. 5:40. దాని పక్కనే, అదే వరుసలో, జనవరి 23. అది ఎప్పటి నుంచో అక్కడే ఉంది. నేను గంట చూశా, తారీఖు చూడలేదు. బాపు అన్నాడు, తిట్టినట్టు కాదు, మామూలుగా: "తారీఖు లేని టైం ఏ దినం ట్రిప్పని రాస్తం బిడ్డా?"

ఫిబ్రవరి 14

మనసు బాగాలేదు. రాసుకుంటే కుదుట పడుతుందేమో.

నమూనా ముక్కలు ఎనిమిది గంటల వయసువి. అసలు ముక్కలు ముప్పై రెండు గంటల వయసువి. ఒక రోజు ఎక్కువ నల్లబడ్డాయి. ఆ అదనపు నలుపును నేను డోసు అనుకున్నా. కాబట్టి నా తొమ్మిదిలో కొంత నిజం, కొంత మాపు. ఎంత నిజమో తెలియదు.

ఇప్పుడు ఎలుకల వాళ్లు ఛాంబర్ చూపించిన దానికి నూటికి తొమ్మిది కలుపుకుంటారు. కావలసినంత పడిందనుకుని బీమ్ ఆపేస్తారు. నిజానికి కాస్త తక్కువ పడి ఉంటుంది. తక్కువ పడింది కాబట్టి ఎలుక చర్మం బాగుంటుంది. అందరం చూసి, ఆహా, వేగంగా పోసినందుకే బాగుంది, అని చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లే నాకు భయం. రేపు ఎవరో ఒక మనిషి వెల్లకిలా పడుకుని, ఆ మాట నమ్మి, కళ్లు మూసుకుంటాడు.

నిజం చెప్తే? సార్ ఇప్పటికే వాళ్లకు ఇచ్చేశారు. కాన్ఫరెన్స్ వాళ్ల దగ్గర తొమ్మిది ఉంది, నా పేరు ఉంది. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. చైతన్యకు, నాకు, బాపుకు తప్ప.

ఫిబ్రవరి 15

అక్క ఫోన్ చేసింది భూపాలపల్లి నుంచి. అక్కడి దవాఖానలో నర్సు. గొంతు వినగానే కనిపెట్టేసింది. "ఏమైందే, గట్లున్నవ్?" అంతా చెప్పా. ప్రోటాన్లు అక్కకు పట్టలేదు, మిగతాదంతా పట్టింది.

"మా కాడ ఎవలకన్న మందు డోసు ఎక్వతక్వ ఇచ్చినమని తెలిస్తే ఏం చేస్తమో ఎర్కనా? ముందుగాల డాక్టర్‌కు చెప్తం. ఎన్క బాత్రూంల వోయి ఏడుస్తం. నువ్వు ఏడుసుడు ముందుగాల వెట్టినవ్."

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. నిజంగానే వరుస తప్పా.

కానీ చెప్పేముందు ఎంత తప్పో తెలియాలి. ఉత్త "తప్పయింది" పంపితే సార్ చేయగలిగేదేమీ లేదు.

ఫిబ్రవరి 16

చైతన్యతో ఫోన్లో గంటన్నర. అదే ప్యాకెట్లో మిగిలిన ఫిల్ము ఉంది. సెంటర్‌లో మామూలు బీమ్‌కు, ఛాంబర్‌కు ఏ తికమకా లేని నిదానపు బీమ్‌కు, పొద్దున్నే నాలుగు ముక్కలు పెడతాడు. ఎనిమిది గంటలకు ఒకసారి, ముప్పై రెండు గంటలకు ఒకసారి, మధ్యలో మిగతావాళ్లను బతిమాలి స్కానర్ దొరికినప్పుడల్లా చదువుతాడు. అదే స్కానర్, అదే మూల, అదే వైపు. నలుపు ఎంత పెరిగిందో తేలిపోతుంది.

వాడి గొంతు చిన్నగా ఉంది. "అక్కా, సార్‌కు నా పేరు... మాపటికి అంటే ఎప్పుడని అప్పుడే అడిగి ఉండాల్సింది."

"మాట నాది తమ్మీ. గంటల్లో చెప్పాల్సిన దాన్ని మా ఇంట్ల మాట్లాడినట్టు చెప్పిన. తారీఖు చూడనిది గూడ నేనే."

వాడు ఏదో రాసుకుంటున్న చప్పుడు. తర్వాత, "అయితే రేపు పొద్దున్నే పెడతానక్కా. రేపంటే రేపే కదా?" అన్నాడు. గాడిద.

ఫిబ్రవరి 17

ఉదయం 9:35. బీమ్ పడిందని చైతన్య మెసేజ్.

బాపు తెల్ల కాగితం మీద స్కేలుతో గీతలు కొట్టి పట్టిక తయారుచేశాడు. తారీఖు, బయలుదేరిన టైం, చేరిన టైం, నలుపు. "బయలుదేరిన టైం ఎందుకు బాపూ?" అంటే, "బీమ్ బండి ఎప్పుడు ఎల్లిందో తెల్వకుంటే ఎంత సేపైందో ఎట్ల తెలుస్తది?" ఆ గడిలో 9:35 రాయించా.

ఒంటిగంటకు ఒక స్కాను. మూడున్నరకు ఒకటి. ఐదు ముప్పై ఐదుకు, సరిగ్గా ఎనిమిది గంటలకు, ఇంకొకటి. ప్రతి మెసేజ్ నేను పైకి చదువుతా, బాపు కళ్లద్దాలు సర్దుకుని గడిలో రాస్తాడు. తినడానికి పిలిచీ పిలిచీ అమ్మ విసుక్కుంది, "తండ్రీబిడ్డలకు బువ్వ అక్కర్లేదా?" ఎన్నాళ్లయింది బాపుతో ఇంతసేపు ఒకే పని మీద కూర్చుని. భయం ఎక్కడికో పోయింది.

ఫిబ్రవరి 18

సాయంత్రం 5:35. ముప్పై రెండు గంటలు. ఆఖరి గడి నిండింది.

నాలుగు ముక్కలూ ఒకే మాట చెప్పాయి. మొదట ఎత్తుగా లేచి తర్వాత మెల్లగా వంగిన గీత, చూడ్డానికి ఎంత బాగుందో. లెక్క కట్టా. ఎనిమిదికీ ముప్పై రెండుకూ మధ్య పెరిగిన నలుపు, డోసుగా మార్చితే, నూటికి మూడు.

తొమ్మిదిలో మూడు మాపుది. ఆరు నిజం.

ఆరు! ఛాంబర్ నిజంగానే మనుషులను వదిలేస్తోంది. జాతర నిజమే. నేను చూసింది లేనిదేం కాదు, కొంచెం పెద్దగా చూశానంతే. కట్టు ఉన్న కాలుతోనే గంతేయబోయా. బాపు పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 19

ఆరు అందమైన అంకె. తొమ్మిదిని తిరగేస్తే ఆరే కదా, అన్నాడు బాపు. ఇదొక ఓదార్పు.

ఫిబ్రవరి 20

సార్‌కు ఉత్తరం రాస్తున్నా. మొదటి ప్రయత్నంలో నాలుగు పేరాలు నా కాలు గురించే ఉన్నాయి. కొట్టేశా. రెండో దాంట్లో చైతన్య పేరు రెండుసార్లు వచ్చింది. అదీ కొట్టేశా. ఫిల్ములు చదివిన వయసు తప్పు, అది నేను గమనించలేదు, తొమ్మిది కాదు ఆరు, ఇదిగో గీత, ఎలుకల టీమ్‌కు వెంటనే చెప్పండి, వీలైతే అసలు కొలతకు ఇంకొక్కసారి బీమ్ ఇప్పించండి. అంతే మిగిలింది. బాపు పట్టికను ఫోటో తీసి జతచేద్దామా అనుకున్నా. చేశా. స్కేలు గీతలు వంకర్లు లేవు.

పంపలేదు. రేపు పంపుతా.

ఫిబ్రవరి 21

రేపు అన్నా కదా నిన్న. ఆ రేపు ఇవాళే.

పొద్దంతా వేరే పనులు పెట్టుకున్నా. చిక్కుడుకాయలు ఒలిచా. అమ్మ బ్లౌజులకు హుక్కులు కుట్టా. కాన్ఫరెన్స్ వాళ్ల లేఖ మళ్లీ ఒకసారి తెరిచి నా పేరు చూసుకున్నా. ఉంటుందో పోతుందో. పోతే ఏడుస్తా, దాచుకోను. అక్క చెప్పిన వరుసలోనే.

3:20. పంపా.

ఫిబ్రవరి 22

సార్ చూడలేదు. ప్రయాణంలో ఉన్నారట.

ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 2:10

చూశారు. ఒకే ఒక్క వాక్యం: "చదివాను, సాయంత్రం ఫోన్ చేస్తాను." కోపమో కాదో అందులో వెతికా. కామా తప్ప ఏమీ దొరకలేదు.

చైతన్య: "సార్ ఏమన్నారక్కా?"

నేను: "మాపటికి చెప్తారట."

నిమిషం తర్వాత వాడు: "ఏ తారీఖు మాపటికి?"

నేర్చుకున్నాడు. బాపుకు చూపిస్తే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఫిబ్రవరి 23, సాయంత్రం 5:40

ఇంకా రాలేదు. ఎలుకలకు ఇంకా పద్నాలుగు రోజులు. ఏం వినాల్సి వచ్చినా ఆరు ఆరే. బాపు నా ఫోన్ ఛార్జింగ్‌లోంచి తీసి నా పక్కన పెట్టాడు. పాత పట్టిక కింద స్కేలుతో ఇంకో గీత కొట్టి, తారీఖు వేసి, బయలుదేరిన టైం దగ్గర 2:10 అని రాశాడు. చేరిన టైం గడి ఖాళీగా ఉంచి, పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు.